నడిమి కమాను

వ్యానంతా రొట్టెల వాసన. అన్నయ్య బేకరీ సరుకు తోలతాడు. ఆదివారం బండి ఖాళీగానే ఉన్నా ఆ వాసన మాత్రం సీట్లను వదలదు. మామూలు రోజైతే ఆమెకి అది ఇష్టమే. ఆ మధ్యాహ్నం మాత్రం కిటికీ అద్దం దించేసింది.

"ఒక్క మాట విను," అన్నాడు అన్నయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "చూద్దాం, వచ్చేద్దాం. అక్కడ నలుగురూ ఉంటారు."

"నలుగురూ ఉంటారనేగా వెళ్తున్నది."

"గొడవపడితే బావ తిరిగొస్తాడా?"

ఏడాదిగా ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. మొగుణ్ణి తిరిగి తెచ్చిమ్మని ఆమె ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పమంది. అదేదో గొంతెమ్మ కోరికైనట్టు అందరూ నెత్తీనోరూ బాదుకుంటారు.

ఆమెది ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడిసి బరువెక్కిన దుప్పట్లు యంత్రంలోంచి లాగడం, విదిలించడం, ఇస్త్రీకి పరచడం. ఆ పనికి ఆమె జబ్బలు ఉక్కుముక్కలయ్యాయి. "నీతో పోట్లాట పెట్టుకుంటే నన్ను పిండి ఆరేస్తావే," అని నవ్వేవాడు మొగుడు.

అతను తాపీమేస్త్రి. రైళ్లు మానేసిన పాతకాలపు రాతి వంతెన ఒకటి, ఊళ్లకి దూరంగా లోయలో ఉంటే, దాన్ని బాగుచేసి జనానికి చూపిద్దామనుకున్నారు. రాళ్ల సందుల్లో కుళ్లిన సున్నం గీకి కొత్త సున్నం కూరాలి. నిచ్చెనలు అందని ఎత్తు. పైనుంచి తాడు కట్టుకుని వేలాడుతూ చేసే పని. ఓ సోమవారం రాత్రి అన్నం తింటూ, "తాడు పీచులు లేస్తోంది. మార్చమంటే వచ్చే వారం చూద్దామంటాడు కాంట్రాక్టరు," అన్నాడు. మర్నాడు నడిమి కమాను దగ్గర పడిపోయాడు.

పై అధికారులు విచారణకి వచ్చేసరికి తాడు లేదు. తాగి ఉన్నాడని, కొక్కెం తనే విప్పుకున్నాడని కాంట్రాక్టరు చెప్పాడు. అందరూ తలాడించారు. తాగడని కాదు. ఆదివారం తాగేవాడు. చచ్చింది మంగళవారం.

ఇదంతా దిగమింగుకునే బతుకుతోంది ఆమె. కిందటి వారం లాండ్రీలో పక్కన పనిచేసే పిల్ల ఆ వంతెన చూసొచ్చి, "అక్కడ బోర్డులో మీ ఆయన పేరు ఉంటుందని వెతికానక్కా. ఇంకేదో రాసుంది," అంది. ఏం రాసుందో చెప్పింది. అప్పుడు మొదలైన మంట ఇంకా ఆరలేదు.

రోడ్డు మలుపు తిరగ్గానే వంతెన కనిపించింది. అంత కోపంలోనూ ఆమెకి ఒక్క క్షణం ఊపిరాడలేదు. ఈ కొండ నుంచి ఆ కొండ దాకా, ఒకదాని పక్కన ఒకటి, బూడిదరంగు కమానులు. ఒక్కో స్తంభం లోయ అడుగు నుంచి లేచి, పైకి పోనుపోను సన్నబడి, ఆకాశంలో పక్కదాని చెయ్యి పట్టుకున్నట్టుంది. కింద సన్నటి నది. గడ్డి మేస్తున్న గొర్రెలు బియ్యపు గింజలంత ఉన్నాయి. ఇంత అందమైన దాని మీంచి పడ్డాడా అనుకుంది. ఆ అందం మీద కూడా కోపమొచ్చింది.

గేటు పక్కనే బోర్డు. నీలం మీద తెల్లక్షరాలు. వంతెన ఎప్పుడు కట్టారో, ఎంత పొడవో రాసి, చివర్లో పెద్ద అక్షరాలతో: "మరమ్మతు పనులు ఏ ఒక్కరికీ ఏ హానీ జరగకుండా విజయవంతంగా ముగిసినవి."

ఆమె రెండుసార్లు చదివింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"పద, పోదాం," అని చెయ్యి పట్టుకున్నాడు అన్నయ్య.

"చెయ్యి తీయ్."

కాంట్రాక్టరు గేటు లోపలే ఉన్నాడు. ఆదివారాలు తనే వచ్చి చూడ్డానికొచ్చినవాళ్లకి వంతెన గొప్పలు చెప్పడం అతనికి సరదా. పది మంది చుట్టూ చేరారు. "ఇందులో ఒక్క ఇనుపముక్క లేదండీ. రాయి మీద రాయి. ఒకదాని బరువే ఇంకోదాన్ని నిలబెడుతుంది," అంటున్నాడు. ఒక ముసలాయన కెమెరా ఎత్తి ఫొటో తీశాడు.

"మనుషుల బరువు సంగతి కూడా చెప్పండి," అంది ఆమె.

అందరూ వెనక్కి తిరిగారు. కాంట్రాక్టరు ఆమెని గుర్తుపట్టాడు. మొహంలో నవ్వు చెదరలేదు గానీ మెడ కొంచెం బిగుసుకుంది.

"చెల్లెమ్మా, నువ్వా."

"నేను మీకు చెల్లెల్ని కాను. ఆ బోర్డు తీయించండి."

"అది పైవాళ్లు రాయించింది..."

"మీరిచ్చిన మాటలే రాశారు. ఏ ఒక్కరికీ హాని జరగలేదా? మరి నేను ఎవర్ని పాతిపెట్టాను?"

ముసలాయన కెమెరా దించేశాడు. కాంట్రాక్టరు గొంతు తగ్గించి, "ఇక్కడొద్దు. పైకి నడు, మాట్లాడుకుందాం. జరిగిన చోటు నువ్వు చూడనే లేదుగా," అన్నాడు. జనం ముందునుంచి ఆమెని తప్పించడమే అతని ఉద్దేశం. ఆమెకి తెలుసు. అయినా సరేనంది. ఆ చోటు చూడాలి. అక్కడే నిలబెట్టి అతని నోటితో చెప్పించాలి.

అన్నయ్య వెంట రాబోతే వద్దంది. అతనికి ఎత్తంటే కళ్లు తిరుగుతాయి.

వంతెన మీద పట్టాలు పీకేసి కంకర పరిచారు. రెండువైపులా నడుమెత్తు రాతి పిట్టగోడ. చుట్టూ చూస్తూ వెళ్తుంటే ఎండ మెత్తబడింది. పావు దారి నడిచారో లేదో, నది మీంచి పొగమంచు లేచింది. ముందు గొర్రెలు పోయాయి. తర్వాత నది పోయింది. తెల్లటి మంచు స్తంభాల నడుముల దాకా వచ్చి, అక్కడితో ఆగక మెల్లగా పైకి పాకింది. వంతెన మీదున్న జనం కబుర్లాడుకుంటూ వెనక్కి మళ్లారు. ఆ కబుర్లు దూరమై, సన్నబడి, ఆగిపోయాయి. ఇక కంకర మీద ఇద్దరి అడుగుల చప్పుడే.

"ఇక్కడే," అన్నాడు కాంట్రాక్టరు.

అక్కడ పిట్టగోడ బయటికి ఉబ్బి చిన్న గూడులా ఉంది. ఒకప్పుడు రైలొస్తే పనివాళ్లు పక్కకి తప్పుకుని నిలబడే చోటు. ఆమె గోడ మీద చెయ్యి వేసింది. రాయి చల్లగా, చెమ్మగా ఉంది. కిందికి చూసింది. ఏమీ లేదు. తెలుపు.

"నేనూ మనిషినే," అన్నాడతను. "నాకూ బాధగానే ఉంది. కానీ వాడు ఆరోజు..."

"వాడు అనకండి."

"సరే, అతను. తాగున్నాడు. నేను కళ్లారా చూశాను."

"మంగళవారం పొద్దున్నే నా చేతి టీ తాగి బయల్దేరాడు. తాడు మార్చమని మిమ్మల్ని అడిగాడా లేదా?"

"ఏ తాడు? ఎవరడిగారు?"

అప్పుడు వినిపించింది.

గర్ర్... గర్ర్...

కాళ్ల కింద, వంతెన పొట్ట దగ్గర్నుంచి. రాయి మీద ఇనుము గీకుతున్న చప్పుడు. ఆగుతోంది. మళ్లీ మొదలవుతోంది. తొందర లేదు. రాళ్ల సందులోంచి పాత సున్నాన్ని తాపీతో గీకితే వచ్చే చప్పుడది. ఇంటి వెనక గోడకి మొగుడు అతుకులేసినప్పుడు ఆమె రోజంతా విన్నది అదే.

"గబ్బిలాలు," అన్నాడు కాంట్రాక్టరు. అతని పెదవులు తెల్లబడ్డాయి.

వాసన కూడా వచ్చింది. తడి సున్నం. ముక్కు మండించే పచ్చివాసన. ఏడాది కిందట రోజూ సాయంత్రం గుమ్మంలోకి వచ్చిన వాసన.

ఆమె చూపు గోడ మీద పడింది. రాతిలో దిగేసిన పాత ఇనుప రింగు ఒకటుంది. దానికి తాడు కట్టి ఉంది. ఇందాక ఉందా? ఆమె చూడలేదు. పీచులు లేచిన తాడు. గోడ అంచు మీంచి మంచులోకి దిగింది. బిగుసుకుని ఉంది. కొంచెం కొంచెం ఊగుతోంది... చివర బరువున్నట్టు.

"ఎవడ్రా ఇది కట్టింది," అని గొణిగాడు కాంట్రాక్టరు. "పనైపోయి ఎన్నాళ్లైంది..."

గీకుడు ఆగింది.

"సారూ."

ఆ గొంతు బాగా కిందనుంచి వచ్చింది. కానీ చెవిలో చెప్పినంత దగ్గరగా ఉంది.

"సారూ... తాడు మార్చండి."

ఆమె ఒంట్లో రక్తమంతా ఒక్కచోట ఆగింది. భయం వెయ్యలేదు. దాని కంటే ముందు ఇంకోటి వచ్చింది, సంతోషం. పళ్లు కొరుక్కున్నంత గట్టి సంతోషం. ఇప్పుడు చెప్పు, అనుకుంది. ఏ తాడు, ఎవరడిగారు... ఇప్పుడు చెప్పు.

కాంట్రాక్టరు గోడకి చేరబడ్డాడు. కళ్లు తాడు మీంచి కదలడం లేదు. "మారుద్దామనే అనుకున్నా," అన్నాడు, ఆమెతో కాదు. "వారం ఆగమన్నా. వారమేగా..."

"గట్టిగా చెప్పండి," అంది ఆమె.

అతను వినలేదు. ఆ తాడు కనపడకుండా పోతే అంతా పోతుందన్నట్టు, ముడి విప్పడానికి గోడ మీదికి వంగాడు. వేళ్లు ముడిని పట్టుకున్నాయి.

తోసినవాళ్లు లేరు. లాగిన చెయ్యీ కనపడలేదు. దండెం మీది బట్ట జారినట్టు మనిషి గోడ మీంచి అవతలికి జారిపోయాడు.

కేక లేదు. రెండు చేతులు మాత్రం అంచు రాయిని పట్టుకుని ఉన్నాయి. వేళ్ల చివర్లు తెల్లగా.

"అమ్మా," అన్నాడతను మంచులోంచి. "అమ్మా... చెయ్యి..."

ఆమె చూస్తూ నిలబడింది.

ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. ఆ వేళ్లని చూసింది. ఈ చేతులే కాగితం మీద సంతకం పెట్టాయి, తాగి చచ్చాడని. ఈ చేతులే తాడు మాయం చేశాయి. పట్టు జారుతోంది. జారనీ. ఎవరు చూశారు? కొక్కెం తనే విప్పుకున్నాడని చెబుతుంది.

అప్పుడామెకి ఒక సంగతి తట్టింది. వీడు చస్తే ఆ బోర్డు అలాగే ఉంటుంది. చచ్చినవాడు నిజం చెప్పడు. వీడు బతకాలి. బతికి, పదిమంది ముందు నోరు విప్పాలి.

జాలితో కాదు, ఆ కోపంతోనే వంగి రెండు మణికట్లూ దొరకబుచ్చుకుంది.

"వదులు."

మొగుడి గొంతు. ఇప్పుడు ఇంకా దగ్గర్లో.

"వదలను."

"వదిలేయ్... నేను చూసుకుంటా."

"నువ్వేం చూసుకున్నావ్ ఇన్నాళ్లూ? వీడు వాగుతుంటే, వీళ్లంతా తలాడిస్తుంటే, మాటలన్నీ పడింది నేను. వీణ్ణి నాకొదులు."

మంచు గోడ అంచు దాకా లేచింది. కాంట్రాక్టరు చేతులు కూడా కనపడటం లేదిప్పుడు. ఆమె పట్టు మాత్రమే ఉంది.

"నువ్వూ... వాడి పక్షమేనా?"

ఆ మాటకి ఆమె గుండె చీలింది. చీలినచోట కూడా కోపమే ఉంది. "నోర్ముయ్," అంది ఏడుస్తూ. "నీ పక్షం నేను తప్ప ఎవరున్నార్రా?" పెళ్లయ్యాక మొగుణ్ణి ఆమె అలా అనడం అదే మొదటిసారి.

మోకాళ్లు గోడకి తన్నిపెట్టి లాగింది. బరువు. యంత్రంలోంచి దుప్పట్ల మూట లాగుతున్నంత బరువు. కింద ఎవరో పట్టుకుని వేలాడుతున్నంత బరువు. భుజాలు ఊడిపోతాయనుకుంది...

ఉన్నట్టుండి తేలికైపోయింది. నీళ్లు పిండేసిన దుప్పటిలా. కింద, చాలా కింద, మెత్తగా ఏదో పడ్డ చప్పుడైంది. రాయి ఊడిందేమో అనుకుంది. అతను గోడ మీదికి వచ్చేశాడు. కాళ్లు ఇవతల పెట్టి నిలబడ్డాడు. రింగుకి తాడు లేదు.

అతను ఒగర్చడం లేదు. అది ఆమె తర్వాత తలుచుకుంది. అప్పుడు మాత్రం మోచెయ్యి పట్టుకుని, "నడు," అంది. "గేటు దగ్గర నలుగురుంటారు. చెప్పాలి."

అతను నడిచాడు.

గేటు దగ్గర అన్నయ్య, కాపలావాడు, కెమెరా ముసలాయన, ఆయన భార్య ఉన్నారు. కాంట్రాక్టరు బోర్డు ముందు ఆగాడు. "తాడు పాతది. పీచులు లేచిందని చెప్పాడు. మార్చలేదు. పడ్డాక తాడు దాచాను. అతను తాగలేదు," అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా గొంతు తడబడకుండా. తర్వాత బోర్డు అంచుల్లోకి వేళ్లు పోనిచ్చి ఒక్క లాగు లాగాడు. మేకులతో సహా ఊడొచ్చింది. అతని గోళ్ల సందుల్లో తెల్లగా సున్నం ఇరుక్కుని ఉంది.

ఏడాదిగా ఏ మాట కోసం ఆమె నిద్ర మాని ఎదురుచూసిందో ఆ మాట అదే. విన్నది. చల్లబడలేదు. ఇంత తేలిగ్గా చెప్పగలిగినవాడు ఏడాది ఎందుకు ఆగాడని ఇంకా మండింది.

కారు తాళాలు లోయలో పడిపోయాయి కాబోలు, అతని జేబుల్లో లేవు. అన్నయ్యే వ్యాన్లో ఎక్కించుకున్నాడు. కాంట్రాక్టరు వెనక, ఖాళీ రొట్టెల ట్రేల మధ్య కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు. ప్రతి మలుపుకీ ట్రేలు అటూ ఇటూ జారాయి, ముందు సీట్లో వీళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగారు. ఆమె అద్దంలో చూసింది. అతను ఒరగడం లేదు. నిటారుగా, ఆమె మెడనే చూస్తూ.

అతన్ని అతని ఇంటి ముందు దింపారు. భార్య తలుపు తీసింది. దీపం వెలుతుర్లోకి అతను నడిచి వెళ్లడం, ఆవిడ తలుపు వెయ్యడం ఇద్దరూ చూశారు.

మర్నాడు పది దాటాక అన్నయ్య లాండ్రీకి వచ్చాడు. యంత్రాల హోరులో నోరు కదిలించాడుగానీ ఆమెకి వినపడలేదు. బయటికి లాక్కెళ్లింది.

"వంతెన కింద శవం దొరికిందట," అన్నాడు. మొహం పాలిపోయి ఉంది. "నడిమి కమాను కింద. గొర్రెలవాళ్లు చూశారట. కాపలావాడు ఫోన్ చేశాడు. కాంట్రాక్టరేనట."

"మళ్లీ వెళ్లి దూకాడా?"

"నిన్న సాయంత్రమే పోయాడంటున్నారు డాక్టర్లు. రాత్రంతా మంచులో తడిశాడట. రెండు చేతులకీ మణికట్ల దగ్గర వేళ్ల గుర్తులున్నాయట. కాళ్లకి బూట్లు లేవట. చుట్టుపక్కలెక్కడా దొరకలేదట."

ఆమె గోడ పట్టుకుంది.

"ఎవరితోనూ ఏమీ అనకు," అన్నాడు అన్నయ్య. "మనం దింపామని కూడా అనకు. నీకు దణ్ణం పెడతా, నోరు మూసుకుని ఉండు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "మళ్లీ నోరు మూసుకోవడమేనా?" అంది. ఆ కోపంతోనే కాంట్రాక్టరు ఇంటి నంబరు నొక్కింది. ఏడాదిలో ఎన్నిసార్లు చేసిన నంబరో అది.

మోగుతూనే ఉంది. చివరికి ఎత్తారు.

"హలో," అంది కాంట్రాక్టరు భార్య. గుసగుసగా.

"నేనండీ. మీకు... ఎవరైనా ఫోన్ చేశారా? వంతెన దగ్గర్నుంచి?"

"చేశారు. దొరికిన శవం ఆయనదే అంటున్నారు. ఆయన ఇంట్లోనే ఉన్నారని చెప్తే నమ్మడం లేదు. పక్కగదిలోనే ఉన్నారండీ." ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "నిన్న మీరే కదా దింపింది. మిమ్మల్ని ఒకటి అడగనా?"

"అడగండి."

"వచ్చినప్పటినుంచీ బూట్లు విప్పడం లేదు. వాటితోనే పడుకున్నారు. విప్పబోతే, వద్దు, లోపల ఏమీ లేదు అన్నారు. ఆయన కళ్లు మూసుకున్నాక బూటు మీద వేలితో నొక్కి చూశాను."

ఆమె ఫోను చెవికి అదుముకుంది.

"అడుగు దాకా నొక్కుకుపోయిందండీ. ఖాళీ." గుసగుస ఇంకా సన్నబడింది. "వాటితోనే నడుస్తున్నారు. ఇప్పుడు కూడా... ఇటే..."